జాబితాలో లేని కుక్కలు

సంపాదకుల వారికి,

పెంపుడు కుక్క ఎవరి మీదనైనా పడిందన్న వార్త రాగానే మీకు రెండు రకాల ఉత్తరాలు చేరుతుంటాయి. ‘ఆ జాతినే నిషేధించండి’ అని ఒకరు, ‘నోరులేని జీవానికేం తెలుసు, పెంచినవాణ్ని లోపలెయ్యండి’ అని ఇంకొకరు. కుక్కలకు వైద్యం చేయడం, శిక్షణ ఇవ్వడం మా వృత్తి. జాతికీ లెక్క ఉంది, కాకపోతే అది ఎక్కువగా కాటు ఎంత లోతుకు దిగుతుందన్న దగ్గర పని చేస్తుంది. కరిచేదాకా ఎందుకొచ్చిందన్నది మాత్రం చాలావరకు ఆ ఇంటి గేటు దగ్గర, గొలుసు దగ్గర, కుక్కపిల్ల మొదటి మూడు నెలల్లో తేలిపోతుంది.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనో, కేన్ కోర్సో, కంగల్, కాకేసియన్ షెపర్డ్ వంటి 23 రకాలకు లైసెన్సులు, అమ్మకం, పెంపకం ఆపాలని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని దాని సారాంశం. సంబంధితుల మాట వినకుండా చేశారని ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. ఆ జాబితాలో ‘టెర్రియర్లు’ అని గుండుగుత్తగా ఒక పేరు ఉంది. ఆ లెక్కన ఒళ్లో కూర్చోబెట్టుకునే మూడు కిలోల యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ప్రమాదకర జాతే!

ఇప్పుడు ఆ జాబితాను హైదరాబాద్‌లో జరిగినవాటి పక్కన పెట్టి చూడండి. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో డెలివరీకి వెళ్లిన యువకుడు జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి దూకి, ఆస్పత్రిలో చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో మరో డెలివరీ కుర్రాడు డాబర్‌మన్ తరమడంతో అలాగే మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. జర్మన్ షెపర్డూ డాబర్‌మనూ ఆ 23లో లేవు. బెల్లు మోగినప్పుడు కుక్కను గదిలో పెట్టి గడియ వేసి, ఆ తర్వాత వీధి తలుపు తీసి ఉంటే రెండు చోట్లా ఏమీ జరిగేది కాదు. దానికి పట్టేది అర నిమిషం.

అలాగని ‘ప్రేమగా పెంచితే ఏ కుక్కయినా కుందేలే’ అనే మాటనూ మేం ఒప్పుకోం. ఇంగ్లండులో ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆటను 1835లో నిషేధించాక ఆ సరదా కుక్కల పోట్లాటలకు మళ్లింది. పిట్‌బుల్ మూలాలు అక్కడే ఉన్నాయి. వెనక్కి తగ్గని కుక్కను ఏరి దానితోనే పిల్లల్ని పుట్టించుకుంటూ వచ్చారు. జర్మన్ షెపర్డ్ చాలాసార్లు కరిచి వదిలేస్తుంది, పిట్‌బుల్ రకం పట్టి విదిలిస్తుంది. దవడకు తాళం పడుతుందన్నది కట్టుకథ. ఎముకలో అలాంటి అమరికేమీ లేదు, ఉన్నది తరతరాలుగా ఏరి తెచ్చిన పట్టుదల. 2022 జూలైలో లక్నోలో 82 ఏళ్ల మహిళ సొంత ఇంట్లోని పిట్‌బుల్ దాడిలోనే చనిపోయారు. ఆ స్థానంలో పమేరియన్ ఉంటే నాలుగు కుట్లతో పోయేది.

కాకేసియన్ షెపర్డ్, కంగల్ లాంటివి కొండల్లో మందల్ని కాపాడటానికి పుట్టినవి. తోడేలు వచ్చినప్పుడు కాపరిని అడిగే తీరిక ఉండదు కాబట్టి సొంతంగా నిర్ణయం తీసుకునే కుక్కనే వాళ్లు ఉంచుకున్నారు. యాభై, అరవై కిలోల ఆ జంతువును తెచ్చి కూకట్‌పల్లి ఫ్లాటులో పెడితే, లిఫ్టులో ఎదురైన ప్రతి కొత్త మనిషినీ అది తోడేలు కిందే జమకడుతుంది. పైగా మే నెల ఎండకు ఆ బొచ్చుతో బయట తిరగలేదు. రోజంతా ఏసీ గదిలో బందీ. కొనేముందు యజమాని వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది: ఇంట్లో ఈ కుక్కను నడిపించబోయే వాళ్లందరిలో తక్కువ బరువున్న మనిషి, అది ఒక్కసారిగా గుంజితే ఆపగలరా? యాభై కిలోల మనిషి యాభై కిలోల కుక్కను ఆపలేరు. ఆ ఇంటికి ఆ కుక్క వద్దు.

జాతి ఏం చెప్పలేదో కూడా తెలియాలి. 2022లో ‘సైన్స్’ పత్రికలో అమెరికా పరిశోధకులు 18 వేలకు పైగా కుక్కల వివరాలు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు పరిశీలించి, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతితో ముడిపడినవి సుమారు 9 శాతమే అని తేల్చారు. 2021లో ఫిన్లాండ్‌లో సుమారు తొమ్మిది వేల కుక్కల మీద చేసిన సర్వేలో మనుషుల మీదికి దూకుడుగా వచ్చే జాతుల్లో అందరికంటే పైన నిలిచింది రఫ్ కోలీ, సినిమాల్లో పిల్లల్ని కాపాడే ఆ బొచ్చు కుక్క. దూకుడుతో అన్నింటికంటే గట్టిగా ముడిపడి కనిపించింది భయం. మొదటిసారి కుక్కను పెంచుతున్న వాళ్ల ఇళ్లలో కూడా దూకుడు ఎక్కువే. అయితే ఇలాంటి సర్వేలు కుక్క మీదికి వచ్చిందా లేదా అని చూస్తాయి గానీ, పన్ను ఎంత లోతుకు దిగిందో కొలవవు. అందుకే కోలీని, పిట్‌బుల్‌ని ఒకే గాటన కట్టడానికి వీటిని వాడుకునేవాళ్లతోనూ మాకు పేచీ ఉంది.

యజమాని బాధ్యత అనగానే చాలామంది కొట్టి హింసించే మనిషిని ఊహించుకుంటారు. అంత దూరం అక్కర్లేదు. అమెరికాలో 2000 నుంచి 2009 వరకు కుక్కకాటుతో జరిగిన 256 మరణాలను పశువైద్య పరిశోధకులు ఒక్కొక్కటిగా తవ్వి చూశారు. 87 శాతం ఘటనల్లో అడ్డుపడగల మనిషి దగ్గర లేడు. 85 శాతంలో చనిపోయిన వ్యక్తికి ఆ కుక్కతో పరిచయం లేదు, ఉన్నా అంతంతమాత్రం. 84 శాతం కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాలేదు. 77 శాతంలో బాధితులు వయసు వల్లో అనారోగ్యం వల్లో కుక్కతో సరిగా మసలుకోలేని స్థితిలో ఉన్నారు. 76 శాతంలో ఆ కుక్కను ఇంటి మనుషులతో కలవనివ్వకుండా విడిగా ఉంచారు. హింస, నిర్లక్ష్యం బయటపడింది 21 శాతంలోనే. జాతి ఏమిటో ఖాయంగా తేల్చగలిగింది 18 శాతం కేసుల్లో. పది మరణాల్లో ఎనిమిదింటిలో ఇలాంటి కారణాలు నాలుగో అంతకంటే ఎక్కువో ఒకేచోట పోగుపడ్డాయి.

ఆ 76 శాతం అంకె దగ్గర కాస్త ఆగాలి. మన దగ్గర ‘కాపలా కుక్క’ అంటే అచ్చంగా అదే బతుకు. పగలంతా బోనులోనో, మెట్ల కింద మూడడుగుల గొలుసుతోనో కట్టేస్తారు. రాత్రి కాంపౌండులో వదులుతారు. అన్నం పెట్టేది పనిమనిషి, యజమాని దాన్ని చూసేది కారు దిగినప్పుడు. అది ఇంటి ఆవరణలో ఉండే కుక్కే తప్ప ఇంటి కుక్క కాదు. గొలుసు ఇంకో పని కూడా చేస్తుంది. భయపడిన జంతువుకు పారిపోవడం, ఎదురు తిరగడం అని రెండు దారులుంటే, గొలుసు మొదటి దారి మూసేస్తుంది. మిగిలింది ఒకటే.

ఇక గ్రిల్ గేటు. గేటు బయట ఒక స్కూటరు వస్తుంది, కుక్క మొరుగుతుంది, స్కూటరు వెళ్లిపోతుంది. అది తన దారిన పోయేదే, కానీ కుక్క లెక్కలో తను మొరిగింది కాబట్టే పోయింది. పేపరు వేసే అబ్బాయి, గ్యాస్ సిలిండర్ మనిషి, స్కూలు పిల్లలు, ఇలా రోజుకు నలభై, యాభై సార్లు అది ‘గెలుస్తుంది’. ఏడాది తిరిగేసరికి మొరగడం పోయి కమ్మీల మీద పడి కొరకడం వస్తుంది. ఒకరోజు ఎవరో గేటు దగ్గరగా వేసి గడియ మరిచిపోతారు. ‘ఇన్నాళ్లూ మొరగడమే తప్ప ఎవరినీ ఏమీ అనలేదండీ’ అని యజమాని చెప్పేది అబద్ధమేమీ కాదు. మొరిగే కుక్క కరవదన్న సామెత నిజమయ్యేది మధ్యలో గేటు ఉన్నంతవరకే.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. గ్రిల్‌కు కింది నుంచి ఐదడుగుల ఎత్తు వరకు రేకో ఫైబర్ షీటో బిగించాలి. రోడ్డు రద్దీగా ఉండే ఉదయం, సాయంత్రం కుక్క ఇంటి వెనకో లోపలో ఉండాలి. గేటు గడియ దానంతటదే పడేలా స్ప్రింగు గడియ పెట్టించాలి. బెల్లు మోగితే తన చాప మీదికి వెళ్లి కూర్చోవడం నేర్పాలి. ఒకరు బెల్లు కొడతారు, ఇంకొకరు చాప దగ్గర శనగగింజంత ఉడికించిన కోడిమాంసం ముక్క పెడతారు. పూటకు పది పన్నెండు సార్లు, రెండు మూడు వారాలు. మొదట్లో తలుపు తీయనే కూడదు. చాలామంది మూడో రోజే నిజం అతిథితో పరీక్ష పెట్టి, పాడుచేసి, ‘మా కుక్కకు బుర్ర లేదు’ అంటారు.

రెండో పెద్ద తప్పు గుర్రుమన్నందుకు కొట్టడం. కుక్క కాటు దాకా మెట్లు మెట్లుగా వస్తుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, తిండి లేకుండానే పెదవులు నాకుతుంది, ముఖం పక్కకు తిప్పుకుంటుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగుసుకుపోతుంది. ఇవేవీ మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. అదీ వినకపోతే గాలిలో కొరుకుతుంది. ఆ తర్వాతే కాటు. తోక ఊపుతోంది కదా అని దగ్గరికి వెళ్లేవాళ్లకు ఒక మాట: ఒళ్లంతా వదులుగా, నడుముతో సహా ఊగితే స్నేహం. తోక పైకి నిలబెట్టి కర్రలా బిగించి వణికినట్టు కదిలిస్తే, అక్కడే ఆగిపోండి. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ పడితే కుక్క నేర్చుకునేది ఊరుకోవడం కాదు, గుర్రుమనకుండా కరవడం. ‘హెచ్చరిక లేకుండా కరిచింది’ అనిపించుకున్న కుక్కల్లో ఎన్నింటికో ఆ హెచ్చరికను ఇంట్లోవాళ్లే కొట్టి మాన్పించి ఉంటారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో సమస్య ఉన్న కుక్కల యజమానుల్ని అడిగితే, కొట్టినప్పుడు, తన్నినప్పుడు 43 శాతం కుక్కలు తిరగబడ్డాయని తేలింది. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న సామెత చెప్పుకోవడానికే బాగుంటుంది.

పచ్చిమిరపకాయలు పెడితే రోషం వస్తుందని, చీకటి గదిలో ఉంచితే కాపలా బాగా కాస్తుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. మిరపకాయ వల్ల కడుపు మండుతుంది, చీకటి గది వల్ల పిరికితనం వస్తుంది. మనుషుల్ని కరిచే కుక్కల్లో పిరికివే ఎక్కువ. తోకలు లాగుతూ ‘అటాక్, అటాక్’ అని ఉసిగొల్పి ఫోనులో వీడియో తీసుకునే కుర్రకారుకు కూడా ఈ మాట వర్తిస్తుంది. నిజమైన కాపలా శిక్షణలో కరవమని చెప్పడం కన్నా వదలమంటే వదలడం నేర్పడానికే ఎక్కువ కాలం పడుతుంది.

అసలు పునాది కొనుగోలు దగ్గరే ఉంది. కుక్కపిల్లల పెంపకం, అమ్మకాలపై 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బజారులో దొరికేవి నెల, ముప్పై ఐదు రోజుల పిల్లలు. తోబుట్టువుల్ని గట్టిగా కొరికితే అవి కుయ్యిమని ఆట మానేస్తాయి, తల్లి కసురుతుంది. పన్ను ఎంత నొక్కాలో కుక్క ఎక్కువగా నేర్చుకునేది నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకానే. దాన్ని ముందే విడదీస్తే తన కాటు బలం తెలియని కుక్క తయారయ్యే ప్రమాదం ఉంది. కొనేముందు తల్లిని చూడాలి. కొత్తవాళ్లను చూసి మూలకు నక్కే తల్లికి, మీద పడే తల్లికి పుట్టిన పిల్ల వద్దు. ‘తల్లి పొలం దగ్గరుందండీ’ అంటే వెనక్కి వచ్చేయడమే.

మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా చూసిందే కుక్కకు లోకం. సరిగ్గా అప్పుడే టీకాలు పూర్తికాలేదని ఇంట్లో మూసిపెడతారు. పార్వో అనే అంటువ్యాధి భయం నిజమే, కాబట్టి నేల మీద దించకుండా చంకన వేసుకుని బజారు చూపించండి. గొడుగు, హెల్మెట్, ముసుగు, బుర్ఖా, చేతికర్ర పట్టుకున్న తాత, పరుగెత్తే పిల్లలు, ఆటో శబ్దం, రోజుకు రెండు మూడు కొత్త సంగతులు చాలు. ప్రతిదాని తర్వాత ఒక తిండి ముక్క. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లను చూస్తేనే రెచ్చిపోయే కుక్క ఈ తిండి ముక్కలు అందని కుక్కే, చాలాసార్లు.

రోడ్డు మీదికి తీసేటప్పుడు ఐదారడుగుల మామూలు పట్టీ చాలు. కుక్క లాగినకొద్దీ పదిహేనడుగులు సాగే రకం వద్దు, కుక్క మనిషిని చేరాక గానీ అది ఆగదు. మెడకు గుచ్చుకునే ముళ్ల బెల్టులు కూడా వద్దు. ఎదురుగా పిల్లవాడు వచ్చినప్పుడల్లా మెడ నొప్పి పుడితే, కుక్క ఆ నొప్పిని పిల్లవాడి ఖాతాలో రాస్తుంది. ఒకసారి కరిచిన కుక్కకు బయట మూతిచిక్కం తప్పనిసరి. దుకాణాల్లో ఎక్కువగా అమ్మే బిగుతు గుడ్డ రకం నోరు మూసేస్తుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడమే దాని ఫ్యాను. నలభై డిగ్రీల ఎండలో ఆ గుడ్డ కట్టి నడిపిస్తే వడదెబ్బతో చచ్చిపోతుంది. బుట్టలా ఉండే రకం కొనాలి, లోపల నోరు తెరిచి నీళ్లు తాగగలగాలి. అలవాటు చేయడానికి పది రోజులు పడుతుంది. మొదటి మూడు రోజులు బుట్ట అడుగున పెరుగన్నం రాసి నాకనివ్వాలి, పట్టీ ముట్టుకోకూడదు. తర్వాత నాకుతుండగా పట్టీ వేసి వెంటనే తీయాలి. ఆ తర్వాత అర నిమిషం, రెండు నిమిషాలు, ఇంట్లో ఐదు నిమిషాలు, చివరికి వీధి. మొదటి రోజే బలవంతంగా బిగిస్తే చిక్కం చూడగానే మంచం కిందికి దూరుతుంది.

ఏళ్ల తరబడి నిక్షేపంలా ఉన్న కుక్క హఠాత్తుగా కరిస్తే శిక్షకుడి కంటే ముందు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. చెవిలో చీము, తుంటి కీలు అరగడం, పుచ్చిన దవడ పన్ను, గోమార జ్వరం, వీటిలో ఏదున్నా తల నిమరబోయిన చేతిని కొరుకుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే అన్నీ పోతాయన్నదీ భ్రమే. మగకుక్క ఊరు తిరగడం, సాటి మగకుక్కలతో పోట్లాటలు తగ్గుతాయి. భయంతో కరిచే అలవాటు దానివల్ల పోదు.

కాటు పడితే ‘మా కుక్కకు టీకా వేయించాం, ఏం కాదు’ అన్న యజమాని భరోసాతో ఇంటికి వెళ్లిపోకండి. పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పూయకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. చర్మం చీలి రక్తం వస్తే గాయంలో, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే రేబిస్ నిరోధక ఇంజెక్షన్ కూడా వేయాలి. కుక్కను చంపేయడం, ఊరవతల వదిలేయడం అన్నింటికన్నా తెలివితక్కువ పని. పది రోజులు అది కళ్ల ముందు ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దాని లాలాజలంలో రేబిస్ లేనట్టు.

చట్టం సంగతి. జంతువును అజాగ్రత్తగా ఉంచి మనుషుల ప్రాణం మీదికి తెస్తే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అంకె తప్పు పడలేదు, యాభై రూపాయలే. బ్రిటన్ 1991లోనే నాలుగు రకాలను నిషేధించింది. ముప్పై ఏళ్ల తర్వాత జాబితాలో లేని ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ రకం కుక్కలు మనుషుల్ని చంపడంతో 2023 చివర్లో ఐదో పేరు చేర్చింది. జాబితా ఎప్పుడూ వెనకే ఉంటుంది.

మా కోరిక ఇదీ. మున్సిపాలిటీలు కుక్కను జాతిని బట్టి కాక, చేసిన పనిని బట్టి నమోదు చేయాలి. చర్మం చీలని కాటుకు లిఖితపూర్వక హెచ్చరిక, వైద్య పరీక్ష. పన్ను దిగితే బయట మూతిచిక్కం, మూసిన గేటు, ఆరు నెలల పాటు తనిఖీ. లోతైన గాయాలు, ఒకటికి మించి కాట్లు ఉంటే ఆ కుక్కను ఆ ఇంట్లో ఉంచవచ్చా లేదా అన్నది పశువైద్యుల బృందం తేల్చాలి, ఖర్చు యజమానిదే. ముప్పై కిలోలు దాటే కుక్కను కొనేవాళ్లకు లైసెన్సుకు ముందు ఒక పూట తరగతి పెట్టినా మంచిదే. లైసెన్సు ఇచ్చేటప్పుడు జాతి ఏమిటని అడగడంలో తప్పు లేదు. దాంతోపాటు మూడు ప్రశ్నలు అడగమంటున్నాం: ఇది ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా, రోజుకు ఎన్ని గంటలు గొలుసుతో ఉంటుంది, బెల్లు మోగినప్పుడు దీన్ని ఎక్కడ ఉంచుతారు.

ఇట్లు,
ఇద్దరు పశువైద్యులు, ఒక కుక్కల శిక్షకుడు
హనుమకొండ